పది అడుగుల వెడల్పున్న హాలులో కూర్చునే ఏర్పాటు ఎలా చేసుకోవాలి?

మందారం, హైదరాబాదు:

సభ్యులందరికీ నమస్కారం. మేము కూకట్‌పల్లిలో రెండు పడకగదుల ఫ్లాటులోకి వచ్చి మూడు నెలలు కావస్తోంది. పడకగదులు, వంటగది సర్దుకున్నాము గానీ, హాలులో మాత్రం నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక మడత మంచం తప్ప ఏమీ లేవు. ఒకసారి కొన్నాక పదేళ్లయినా వాడుకోవలసిన వస్తువు కనుక తొందరపడి తీసుకోవడానికి మనసు ఒప్పడం లేదు. ఇంత చిన్న హాలులో కాపురం చేస్తున్నవారి అనుభవం తెలుసుకోవాలని వివరంగా రాస్తున్నాను. ఓపికగా చదివి సలహా చెప్పగలరు.

హాలు వెడల్పు 10 అడుగులు, పొడవు 14 అడుగులు. వీధి గుమ్మం ఒక పొట్టి గోడకు ఎడమ మూలన ఉంది. దానికి ఎదురు గోడకు బాల్కనీలోకి వెళ్లే అద్దాల తలుపు ఉంది. లోపలికి రాగానే ఎడమ చేతివైపు వచ్చే పొడవాటి గోడకు టీవీ, దాని కింద 16 అంగుళాల లోతున్న అలమర బిగించి ఉన్నాయి. కుడి చేతివైపు గోడ మొదటి 8 అడుగుల వరకు ఖాళీగా ఉండి, ఆ తరువాత వంటగదికీ పడకగదులకూ పోయే 3 అడుగుల దారి వస్తుంది. దారి దాటాక బాల్కనీ వరకు మరో 3 అడుగుల గోడ ఉంటుంది. కాబట్టి సోఫా వేయడానికి మాకు ఆ 8 అడుగుల గోడ ఒక్కటే ఆధారం.

ఇంట్లో మేము ఐదుగురం. అత్తయ్యగారికి 72 ఏళ్లు. రెండేళ్ల క్రితం కుడి మోకాలికి కీలు మార్పిడి శస్త్రచికిత్స జరిగింది. పగలంతా హాలులో ఉండేది ఆవిడే కాబట్టి ఆవిడ సౌకర్యమే నాకు ముఖ్యం. పిల్లలిద్దరూ బడి నుంచి వచ్చాక ఇక్కడే చదువుకుంటారు. ఆదివారాల్లో మా బావగారి కుటుంబం వస్తుంది. అప్పుడు తొమ్మిది మందిమి అవుతాము. ఊరి నుంచి మా నాన్నగారు వచ్చినప్పుడు హాలులోనే పడుకుంటారు. శ్రావణమాసంలో వరలక్ష్మీ వ్రతానికి పది, పదిహేను మంది ముత్తైదువులను పిలుచుకుంటాను.

మావారికి ఎల్ ఆకారపు సోఫా మీద మనసుంది. దుకాణంలో చూసినది గోడ వెంట 8 అడుగులు, ముందుకు చాచిన భాగం ఐదున్నర అడుగులు. ఆరుగురు కూర్చోవచ్చునని చెప్పారు. నాకు మూడు సీట్ల సోఫా ఒకటి, విడి కుర్చీలు రెండు ఉన్న సెట్టు బాగుంటుందేమోనని అనిపిస్తోంది. మా ఆడపడుచు మాత్రం, నాన్నగారి కోసం మంచంగా మారే సోఫా తీసుకోమంటోంది. మేము 75 వేల రూపాయల వరకు పెట్టగలము. వీటిలో ఏది మా హాలుకు నప్పుతుంది? కొనేముందు ఏమేమి చూసుకోవాలి?

కొయ్యపని, సికింద్రాబాదు:

అమ్మా, మీరు గోడల కొలతలు ఇంత స్పష్టంగా ఇచ్చారు కనుక జవాబు చెప్పడం సులువైంది. మా నాన్నగారి కాలం నుంచి సోఫాలు కట్టడం, పాతవాటికి గుడ్డ మార్చడం మా వృత్తి. చిన్న హాలుకు పెద్ద సోఫా కొని, రెండేళ్లు తిరగకముందే కోయించి చిన్నది చేయించుకున్న కుటుంబాలను ఎన్నో చూశాను. ఆ ఖర్చు మీకు రాకూడదని రాస్తున్నాను.

ముందు ఎల్ సోఫా లెక్క చూడండి. మీ హాలు వెడల్పు 120 అంగుళాలు. అందులో టీవీ అలమర 16, సోఫా ముందుకు చాచిన భాగం 66 తీసివేస్తే మిగిలేది 38 అంగుళాలు. వీధి గుమ్మం నుంచి వంటగదికి, పడకగదులకు, బాల్కనీకి పోవాలన్నా, తిరిగి రావాలన్నా ఇంటిల్లిపాదికీ ఆ 38 అంగుళాలే దారి. ఒక్క మనిషి నడవడానికి అది చాలుతుంది. అయితే టీవీ కింది సొరుగు లాగినప్పుడు, ఎవరైనా కాళ్లు కిందికి వేలాడేసి కూర్చున్నప్పుడు, బిందెతోనో గ్యాసు బండతోనో ఎవరైనా లోపలికి వచ్చినప్పుడు అది చాలదు. చాచిన భాగాన్ని గుమ్మం వైపుకు తిప్పితే దారి కొంత నయమే కానీ, అక్కడ కూర్చున్నవారు టీవీ చూడాలంటే మెడ పక్కకు తిప్పుకోవాలి, పైగా చెప్పుల స్టాండుకు చోటు ఉండదు.

ఆరుగురు కూర్చోవచ్చునన్న మాట కూడా నిలవదు. ఎల్ సోఫా మూలలో కూర్చున్నవారి మోకాళ్లకు, పక్కనున్నవారి మోకాళ్లకు చోటు ఒక్కటే. అందుచేత మూల ఎప్పుడూ దిండ్లకు, పిల్లల పుస్తకాలకు పోతుంది. మీరు చెప్పిన కొలత సోఫాలో ఇబ్బంది లేకుండా కూర్చునేది నలుగురు.

ఇప్పుడు మలుపు లేకుండా ఒకే వరుసలో నిటారుగా ఉండే మూడు సీట్ల సోఫా లెక్క చెబుతాను. లోతు 34 అంగుళాలు అనుకుంటే, టీవీ అలమర పోను 70 అంగుళాలు మిగులుతుంది. సోఫాకు, టీపాయికి నడుమ 16 అంగుళాలు వదిలి, 18 అంగుళాల వెడల్పున్న టీపాయి వేస్తే, ఇంకా 36 అంగుళాల నడక దారి ఉంటుంది. టీపాయి పక్కకు జరిపిన రోజు దాదాపు ఆరడుగుల నేల మీకు దొరుకుతుంది. పది అడుగుల హాలులో ఇంతకన్నా మంచి పద్ధతి నాకు తోచలేదు.

కానీ మూడు సీట్ల సోఫా అని రాసి ఉన్నంత మాత్రాన ముగ్గురు కూర్చోలేరు. పొడవుతో పాటు చేతుల మందం కూడా కొలవండి. ఈ మధ్య ఒక్కో చెయ్యి 9, 10 అంగుళాల మందం ఉండేలా చేస్తున్నారు. చూడటానికి నిండుగా ఉంటుంది కానీ, 78 అంగుళాల సోఫాలో చేతులకే 20 పోయి, కూర్చునే చోటు 58 అంగుళాలే మిగులుతుంది. మనిషికి కనీసం 22 అంగుళాలు కావాలి కనుక అది ఇద్దరి సోఫాయే. అదే 78 అంగుళాల సోఫాకు 5 అంగుళాల చేతులు పెట్టిస్తే లోపల 68 అంగుళాలు దక్కి, ముగ్గురు కూర్చుంటారు. ఐదున్నర అడుగుల మనిషి కాళ్లు చాచుకుని పడుకోగలుగుతారు. మీ నాన్నగారి పడక సమస్య సగం అక్కడే తీరుతుంది.

లోపలి సంగతి రెండు మాటల్లో చెబుతాను. ఫోమ్ సాంద్రత ఎంతో అడగండి. ఘనపు మీటరుకు 32 కిలోలు అంటే రోజూ వాడకానికి తక్కువ, 40 అయితే నాలుగు కాలాల పాటు ఉంటుంది. చెప్పిన మాట నిజమో కాదో తూకం వేసి తెలుసుకోవచ్చు. 24 అంగుళాల పొడవు, అంతే వెడల్పు, 5 అంగుళాల మందమున్న సీటు ఫోమ్ 32 సాంద్రతదైతే సుమారు కిలోన్నర, 40 సాంద్రతదైతే సుమారు కిలో 900 గ్రాములు తూగుతుంది. జిప్పు తీసి చూడటం మాత్రం మరువకండి. రంగురంగుల ముక్కలను జిగురుతో అదిమి చేసిన ఫోమ్ ఇంతకన్నా బరువు తూగుతుంది కానీ అది వేరే రకం. దాన్ని అడుగు పొరగా వాడితే తప్పు లేదు, సీటంతా దానితోనే నింపితే బల్ల మీద కూర్చున్నట్లు ఉంటుంది. ఇక ఫ్రేము గట్టితనం చూడాలంటే సోఫా ముందు కాలు ఒకదాన్ని అరడుగు పైకి ఎత్తండి. ఈలోపే రెండో ముందు కాలు కూడా నేల విడిచి లేవాలి. లేవలేదంటే ఫ్రేము మెలి తిరుగుతోందన్నమాట.

డబ్బు కట్టకముందు మీ లిఫ్టు లోపలి కొలత, మెట్ల మలుపు, గుమ్మం లోపలి వెడల్పు తప్పకుండా రాసుకోండి. మూడో అంతస్తులోని ఒకరి ఇంటికి ఎనిమిదడుగుల సోఫా మెట్ల మలుపు తిరగక, తాళ్లు కట్టి బాల్కనీ నుంచి పైకి లాగవలసి వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. కింద నిలబడి చూసిన ఆ అరగంట ఇప్పటికీ మరువలేదు. చేతులు, కాళ్లు బోల్టులతో ఊడదీసి బిగించుకునే సోఫా అయితే ఈ బాధ ఉండదు.

చివరగా ఒక పని చేయండి. కొనదలచిన వస్తువు కొలతకు పాత వార్తాపత్రికలు అతికించి, అది ఉండవలసిన చోట నేల మీద పరచండి. రెండు రోజులు దాని మీద కాలు పెట్టకుండా ఇంట్లో తిరగండి. ఎక్కడ ఇరుకో మీ కాళ్లకే తెలిసిపోతుంది.

నడక, వరంగల్:

నేను ఫిజియోథెరపిస్టును. మోకీలు మార్పిడి తరువాత వ్యాయామం కోసం వచ్చేవారితో నాకు రోజూ పని కనుక, అత్తయ్యగారి కుర్చీ గురించి మాత్రమే రాస్తాను. సోఫా ఏది తీసుకున్నా, ఆవిడకు విడిగా ఒక కుర్చీ ఉండాలన్నది నా అభిప్రాయం. మెత్తని సోఫా, ఆపరేషన్ అయిన మోకాలు ఒకదానికొకటి పొసగవు.

సీటు ఎంత కిందికి ఉంటే లేచేటప్పుడు మోకాలు అంత ఎక్కువగా వంగాలి, తొడ కండరం అంత ఎక్కువ బలం పెట్టాలి. ఆవిడను గట్టి కుర్చీలో కూర్చోబెట్టి, పాదం నేలకు ఆనించి, నేల నుంచి మోకాలి వెనుక మడత వరకు కొలవండి. ఆ కొలతకు ఒకటి, రెండు అంగుళాలు కలిపితే వచ్చేదే ఆవిడకు తగిన సీటు ఎత్తు. అంతకన్నా పెంచితే పాదాలు గాలిలో వేలాడి, తొడల కింద ఒత్తిడి పడుతుంది. ఈ ఎత్తును మనిషి కూర్చున్నాక కొలవాలన్నది చాలామంది గమనించరు. దుకాణంలో 18 అంగుళాలు ఉన్న మెత్తని సీటు, బరువు పడగానే 15 అంగుళాలకు దిగిపోవచ్చు. అందుకే ఆవిడను వెంట తీసుకువెళ్లి, ప్రతి కుర్చీలో ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, ఎవరి సాయం లేకుండా లేవమనండి. అదే అసలైన పరీక్ష.

సీటు లోతు కూడా అంతే ముఖ్యం. ఇప్పటి సోఫాల్లో 22, 24 అంగుళాల లోతు మామూలైపోయింది. ఐదడుగుల పొడవున్న స్త్రీలు అందులో వెనక్కి ఆనుకుంటే కాళ్లు చాపుకోవలసి వస్తుంది. కాళ్లు నేలకు ఆనితే వీపు గాలిలో ఉంటుంది. ఆవిడ కుర్చీకి 17 లేదా 18 అంగుళాల లోతు చాలు. కూర్చున్నప్పుడు సీటు అంచుకు, మోకాలి వెనుక భాగానికి నడుమ రెండు మూడు వేళ్లు దూరాలి. కుర్చీ చేతులు సీటుకు ఏడెనిమిది అంగుళాల ఎత్తులో ఉండి, సీటు ముందు అంచు దాకా రావాలి. లేచేటప్పుడు రెండు అరచేతులు ఆనించి తోసుకునేది ఆ చివరి మీదే కదా. కుర్చీ కాళ్లకు రబ్బరు తొడుగులు వేయించండి. నున్నటి టైల్స్ మీద వెనక్కి జారే కుర్చీ ఏ వయసువారికైనా ప్రమాదమే.

రిక్లైనర్ తీసుకోవచ్చునా అని మీరు అడగలేదు కానీ, చాలామంది అడుగుతారు కనుక చెబుతున్నాను. మోటారు లేని రిక్లైనర్‌లో పాదాల కింది పలకను మూయాలంటే మడమలతో గట్టిగా కిందికి అదమాలి. ఆపరేషన్ అయిన మోకాలికి ఆ పని కష్టం. పూర్తిగా చాపినప్పుడు అది ఐదడుగులకు పైగా చోటు తింటుంది కాబట్టి, మీ హాలులో దానికి అసలు వీలే లేదు.

ఆదివారం, బెంగళూరు:

కొయ్యపనిగారి లెక్కను కాదనలేను కానీ, ఎల్ సోఫాను పూర్తిగా తోసిపుచ్చడం నాకు న్యాయంగా తోచలేదు. మాది 11 అడుగులకు 15 అడుగుల హాలు, ఆరేళ్లుగా ఎల్ సోఫాయే వాడుతున్నాము. రాత్రి భోజనాలయ్యాక నేను, మా ఆవిడ, పిల్లలు కాళ్లు ముడుచుకుని, ఒకరి మీద ఒకరం ఒరిగి దాని మీద చేరే గంటసేపు మా ఇంట్లో అన్నిటికన్నా మంచి సమయం. విడి కుర్చీల్లో కూర్చుంటే ఆ దగ్గరితనం రాదు. మీ వారికి దాని మీద మనసు పడటానికి కూడా ఇలాంటి కారణమే ఉండి ఉంటుంది. ఒకసారి అడిగి చూడండి.

అయితే మా హాలులో వీధి గుమ్మం, వంటగది దారి ఒకే గోడకు పక్కపక్కన ఉన్నాయి. సోఫా ఉన్న మూలకు మాలో ఎవరూ నడవవలసిన పని లేదు. మీ గది మధ్యలో నుంచే దారి పోతోంది కనుక, మీ పరిస్థితి వేరని ఒప్పుకుంటున్నాను. దానికి బదులు నిటారు సోఫా ముందు, దానితో సమానమైన ఎత్తులో పైన మెత్త ఉన్న చతురస్రపు స్టూలు ఒకటి వేసుకోండి. కాళ్లు చాచుకోవాలంటే దగ్గరకు లాక్కోవచ్చు, చుట్టాలు వస్తే అది ఇంకొక సీటు అవుతుంది, పళ్లెం పెడితే టీపాయి అవుతుంది.

సాగరతీరం, విశాఖపట్నం:

కొలతల గురించి పెద్దలు చెప్పారు. నేను సరుకు గురించి, మంచంగా మారే సోఫా గురించి మా అనుభవం రాస్తాను. మా ఇల్లు సముద్రానికి దగ్గర.

తోలులా కనిపించే రెక్సిన్ సోఫా ఒకటి ముచ్చటపడి కొన్నాము. తడిగుడ్డతో తుడిస్తే చాలు, మరకలు ఉండవని అమ్మినవారు చెప్పారు. మూడో ఏడు నుంచి పైపొర పెచ్చులుగా ఊడటం మొదలై, కూర్చుని లేచిన ప్రతివారి బట్టలకూ నల్లటి పొట్టు అంటుకునేది. గుడ్డ మీద పూసే పాలియురెథేన్ పొర గాలిలోని తేమకు క్రమంగా విరిగిపోతుందని ఆ తరువాత తెలిసింది. హైదరాబాదులో గాలి పొడిగా ఉంటుంది కనుక మీకు ఇంకొన్నాళ్లు ఎక్కువ మన్నవచ్చు. అయినా చెమట, జుట్టు నూనె తగిలే తల వైపు భాగం అక్కడ కూడా ముందు పాడవుతుంది. పిల్లలున్న ఇంట్లో జిప్పుతో విప్పి ఉతుక్కోగలిగే మందపాటి నేతగుడ్డ కవర్లే మేలని ఇప్పుడు నా నమ్మకం. రెండు జతలు కుట్టించుకుంటే ఒకటి ఉతుకులో ఉన్నప్పుడు ఇంకొకటి తొడగవచ్చు.

ఫ్రేము ఏ చెక్కతో చేశారో అడిగి, వీలైతే అడుగు గుడ్డ కొంచెం విప్పించి చూడండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా కిటికీ అద్దాలు పగిలి హాలంతా నీళ్లయింది. రంపపు పొట్టు అదిమి చేసిన పలకలతో కట్టిన సోఫా అడుగుభాగం రెండు రోజుల్లో ఉబ్బి, మేకులు వదిలేసింది. మా మామగారి కాలంనాటి టేకు కుర్చీలు ఎండలో పెట్టి తుడిస్తే మళ్లీ ఎప్పటిలా అయ్యాయి. ఇప్పటికీ వాటి మీదే కాఫీ తాగుతున్నాము. మీకు తుపాను భయం లేకపోవచ్చు కానీ, ఇల్లు కడిగే నీళ్లు, చెదలు అక్కడా ఉంటాయి కదా. సోఫా కాళ్లు ఐదారు అంగుళాల ఎత్తున్నవి తీసుకుంటే చీపురు, తడిగుడ్డ కర్ర కిందికి సులువుగా పోతాయి.

ఇక మంచంగా మారే సోఫా సంగతి. మా దగ్గర ఒకటి ఉండేది. దాన్ని లాగి పరిస్తే గోడ నుంచి ఆరడుగులకు పైగా ముందుకు వస్తుంది. మీ హాలులో టీవీ అలమర పోను 30 అంగుళాలు మిగలవచ్చు, అదీ టీపాయి వేరే చోటికి మార్చాక. రెండు భాగాలు కలిసే అతుకు సరిగ్గా నడుము కింద తగులుతుంది కనుక మా అమ్మ రెండో రాత్రికే కింద పరుపు వేయించుకుంది. ఏడాదిలో పది రాత్రుల కోసం మిగతా రోజులన్నీ గట్టి సీటు మీద కూర్చోవడం మాకు నచ్చక, చివరికి ఇచ్చేశాము. మీ దగ్గరున్న మడత మంచాన్ని మాత్రం పారేయకండి.

విడి కుర్చీలకు పేము మంచిది. ఒంటి చేత్తో ఎత్తి బాల్కనీలో వేసుకోవచ్చు, ఆదివారం లోపలికి తెచ్చుకోవచ్చు. అసలైన పేముకు బదులు ప్లాస్టిక్ అల్లిక అంటగట్టే అవకాశం ఉంది కాబట్టి, అల్లిక కిందివైపు చివరలు చూడండి. అసలు పేము అయితే కోసిన చోట పీచు, సన్నటి రంధ్రాలు కనిపిస్తాయి.

అరుగు, తెనాలి:

మందారం అమ్మా, నేను ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయుడిని. మా చిన్నప్పుడు ఇంటి ముందు అరుగు, లోపల ఒక పడక కుర్చీ, దండెం మీద చాపలు ఉండేవి. ఇరవై మంది వచ్చినా చోటు చాలలేదన్న మాట వినలేదు. అరుగును ఫ్లాటులోకి తేలేము, నిజమే. కానీ అందులోని పద్ధతి ఇప్పటికీ పనికివస్తుందని నా ఆశ. రోజూ కూర్చునేవారికి స్థిరమైన ఆసనం, వచ్చిపోయేవారికి ఎత్తిపెట్టగలిగే ఆసనం ఉండాలి. మీరు తొమ్మిది మంది వచ్చే ఆదివారాన్ని చూసి హాలు నింపితే, ఐదుగురే ఉండే మిగతా ఆరు రోజులు ఇరుకులో గడపవలసి వస్తుంది.

మీ నాన్నగారి కోసం దివాన్ కాట్ ఆలోచించారా? ఆరడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు ఉంటే పగలు ముగ్గురు కూర్చుంటారు, రాత్రి ఒకరు హాయిగా పడుకుంటారు, కింద అరల్లో దుప్పట్లు, పీటలు దాచుకోవచ్చు. దాని లోపం ఒక్కటే. 30 అంగుళాల లోతు కూర్చోవడానికి ఎక్కువ కనుక, గోడవైపు ఎనిమిది అంగుళాల మందమున్న గట్టి దిండ్లు లేదా బాలీసులు వేయకపోతే నడుము పట్టేస్తుంది. మా ఇంట్లో దాని మీద బూరుగు దూది పరుపు వేశాము. నెలకొకసారి ఎండలో వేయగలిగిన ఓపిక ఉంటేనే అది పెట్టుకోవాలి.

వ్రతం మాట చెప్పారు కనుక ఇంకొకటి. ఆ రోజు మీకు కావలసింది ఖాళీ నేల. పీటలు వేసి, మండపం పెట్టి, పదిహేను మంది చాపల మీద కూర్చోవాలంటే హాలులోని బరువైన వస్తువు ఒక్కటే ఉండాలి, అది గోడకే ఉండాలి. మిగతావన్నీ ఇల్లాలు ఒక్కతే జరపగలిగినంత తేలికగా ఉండాలి. ఇంకా, అత్తయ్యగారి కుర్చీ వేసే చోటికి ఫ్యాను గాలి అందుతుందో లేదో చూసి మరీ వేయండి. మేలో కరెంటు బిల్లుకు జడిసి ఏసీ ఆపిన మధ్యాహ్నాల్లో ఆ సంగతి బాగా తెలుస్తుంది.

మందారం, హైదరాబాదు:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఇంత శ్రద్ధగా రాస్తారని అనుకోలేదు. వారం రోజులుగా చేసిన పనులు చెబుతాను.

శనివారం పొద్దున వార్తాపత్రికలు అతికించి, ముందు ఎల్ సోఫా ఆకారమే పరిచాము. మావారు అల్మారాలో వస్తువులు తీసుకోవడానికి టీవీ ముందు వంగినప్పుడు, నేను వంటగది నుంచి కాఫీ గ్లాసులతో వచ్చి ఆయన లేచేదాకా నిలబడవలసి వచ్చింది. అత్తయ్యగారు చేతికర్రతో వచ్చేటప్పుడు మూడుసార్లు కాగితం మీదే అడుగు పడింది. సాయంత్రానికి మావారే ఆ కాగితాలు ఎత్తేసి, 78 అంగుళాల నిటారు సోఫా ఆకారం పరిచారు. ఆదివారంగారు చెప్పినట్లు అడిగితే, పిల్లలతో కలిసి కాళ్లు చాచుకుని సినిమా చూడాలన్నదే ఆయన కోరిక అని తేలింది. అందుకని మెత్త ఉన్న స్టూలు ఒకటి, సోఫా ఎత్తుకు సరిపోయేలా చేయిస్తున్నాము.

అత్తయ్యగారి మోకాలి వెనుక కొలత 16 అంగుళాలు వచ్చింది. దారికి, బాల్కనీకి నడుమ ఉన్న 3 అడుగుల గోడ దగ్గర ఆవిడ కుర్చీ వేద్దామనుకుంటున్నాము. అక్కడి నుంచి టీవీ కాస్త ఏటవాలుగా కనిపిస్తుంది, బాల్కనీ వెలుతురు వస్తుంది, బాత్‌రూముకు దగ్గర. ప్లాస్టిక్ కుర్చీ అక్కడ వేసి రెండు మధ్యాహ్నాలు కూర్చోబెట్టి చూస్తే ఫ్యాను గాలి కూడా అందుతోందని చెప్పారు. దివాన్ కాట్ నాకు చాలా నచ్చింది కానీ, సోఫా వేశాక దానికి గోడ లేదు. నాన్నగారిని మడత మంచమా, సోఫాయా అని ఫోనులో అడిగితే, మడత మంచమే చాలు, దాని మీద మంచి పరుపు ఒకటి కొనమన్నారు.

కొయ్యపనిగారికి రెండు సందేహాలు. 8 అడుగుల గోడకు 78 అంగుళాల సోఫా పోను మిగిలే 18 అంగుళాలు ఏ వైపు వదలాలి? అత్తయ్యగారి కుర్చీని ఏ చెక్కతో చేయించాలి?

కొయ్యపని, సికింద్రాబాదు:

ఆ 18 అంగుళాలు గుమ్మం వైపు వదలండి, చెప్పుల స్టాండు అక్కడ ఇముడుతుంది. దారి వైపు సోఫా చివర అంచును గుండ్రంగా చేయించండి, అత్తయ్యగారు మలుపు తిరిగేటప్పుడు తొడకు తగలదు.

కుర్చీకి టేకు వాడండి. మహారాష్ట్రలోని బలార్షా నుంచి వచ్చే టేకు దొరికితే మంచిది. చేతులు పట్టుకోవడానికి వీలుగా ముందువైపు కొంచెం గుండ్రంగా ఉండాలి, అక్కడ గుడ్డ తొడగవద్దు; పట్టు జారుతుంది. సీటుకు 40 సాంద్రత ఫోమ్ 3 అంగుళాలు చాలు, ఫోమ్ కింద సాగే బెల్టులు అల్లడానికి బదులు ప్లైవుడ్ వేయించండి. బరువు పడ్డాక ఎత్తు పదిహేడున్నర అంగుళాల దగ్గర నిలవాలి కనుక, కాళ్లు ముందే తెగకోయవద్దని, అర అంగుళం ఎక్కువగానే ఉంచమని మీ వడ్రంగికి చెప్పండి. ఆవిడ వచ్చి కూర్చుని చూశాక అక్కడికక్కడే కోసి సరిచేయవచ్చు.